అప్‌డేట్: లేక్ ఫోర్క్‌లో బాస్ చేపకి రాడ్, లైన్ (గాలపు తీగ), ఎర

టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సులో బాస్ పడుతుంటే, నీళ్లలో మునిగిన చెట్ల మధ్య 8 పౌండ్ల బరువు తట్టుకునే లైన్ తెగిపోతోంది, ఏం వాడాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మార్చాను: 7 అడుగుల మీడియం హెవీ (కాస్త గట్టి) రాడ్, బెయిట్‌కాస్టర్ రీల్ (రాడ్ పైన కూర్చుని, లైన్ చుట్టిన చక్రం తిరిగే రకం), 17 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్, 4/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (పైభాగంలో వంపున్న గాలం), 3/8 ఔన్సు బుల్లెట్ సింకర్ (తూటా ఆకారపు బరువు), గ్రీన్ పంప్‌కిన్ రంగు ప్లాస్టిక్ వానపాము.

హుక్ మొన వానపాము ఒంట్లోనే దాగాలి. పొడుచుకొస్తే మొదటి కొమ్మకే పట్టేస్తుంది. సింకర్ లైన్ మీద జారకుండా రబ్బరు స్టాపర్ తప్పనిసరి, లేకపోతే అది కొమ్మకి అటు, ఎర ఇటు. ముడిని తడిపి బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి అక్కడే తెగుతుంది. రీల్‌లో లైన్ చిక్కుపడితే, ఎర మెల్లగా దిగి నేలకు తగలగానే స్పూల్ (లైన్ చుట్టిన చక్రం) ఆగేలా రీల్ పక్కనున్న నాబ్ బిగించాలి.

అన్నట్టు, అక్కడ 16 నుంచి 24 అంగుళాల పొడవున్న లార్జ్‌మౌత్ బాస్‌ని వదిలేయాల్సిందే. కొలిచే టేప్ దగ్గరుంచుకోండి.