ఆర్ట్ క్లాసులో టిబెటన్ ప్రార్థన జెండాలు: మీరైతే సంతకం పెడతారా?

చిట్టివాళ్ళమ్మ
మేముండేది టెక్సస్. మా అమ్మాయి పబ్లిక్ స్కూల్లో నాలుగో గ్రేడు. ఈ నెల ఆర్ట్ క్లాసులో టిబెటన్ ప్రార్థన జెండాలు చేయిస్తున్నారు. ఫోము పలక మీద పెన్సిలుతో బొమ్మ గీకి, రోలరుతో రంగు పూసి, అయిదు రంగుల గుడ్డముక్కల మీద అద్దుతారు. టీచరు పంపిన కాగితంలో మంత్రాలూ దేవుళ్ళ బొమ్మలూ వద్దని, పిల్లలు తమకి శాంతి, ధైర్యం, ఆశ గుర్తుచేసే బొమ్మ ఏదైనా గీయొచ్చని ఉంది. అన్నీ తాడుకి కుట్టి స్కూలు ఫెయిర్ రోజున ఆవరణలో చెట్లకి కడతారట.

మా పిల్ల బల్లిని గీసింది. తోక తెగినా మళ్ళీ వస్తుంది కాబట్టి ధైర్యమట. మా అత్తగారు ఫోన్లో విని "జెండా మీద బల్లేమిటే, ఎవరి నెత్తిన పడాలని?" అన్నారు. అది వేరే సంగతి. నా సందేహం ఏంటంటే, ఒకరి పూజావస్తువుని ఇలా బడిలో పిల్లల చేత చేయించవచ్చా? మా వాట్సాప్ గ్రూపు ఈ విషయం మీద రెండుగా చీలింది. సంతకం పెట్టాల్సిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

లద్దాఖ్‌రైడర్
ఇందులో గొడవేముందండీ? హైదరాబాద్‌లో సగం బుల్లెట్ల హ్యాండిళ్ళకి అవే వేలాడుతుంటాయి. ఒక్క మాట, రంగుల వరుస మాత్రం చూసుకోమనండి: నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు.

వానగొడుగు
నేనైతే పెట్టను. ఇది పబ్లిక్ స్కూలు. కెంటకీలో తరగతి గోడల మీద బైబిల్లోని పది ఆజ్ఞలు వేలాడదీయమన్న చట్టాన్ని 1980లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ టెక్సస్‌లో 2025లో మళ్ళీ అలాంటి చట్టమే తెచ్చారు, దాని మీదా కోర్టుల్లో కేసులు పడ్డాయి. క్రైస్తవుల ఆజ్ఞలు గోడ మీద వద్దంటున్న మనం బౌద్ధుల జెండా చెట్టుకి కడితే ముచ్చటపడదామా? ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయమా? పేరులోనే ప్రార్థన ఉంది కదా!

మూడోబెంచి
వానగొడుగు గారూ, రెండూ ఒకటి కాదు. 1963 నాటి సుప్రీంకోర్టు అబింగ్టన్ తీర్పు బడిలో భక్తితో బైబిల్ చదివించడం కూడదంది. మతాల గురించి పాఠంగా చెప్పుకోవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. గోడ మీద ఆజ్ఞ వేలాడదీయడం వేరు, ఫలానా చోట ఫలానావాళ్ళు ఇలా చేస్తారని చెప్పి చేయించడం వేరు.

వానగొడుగు
"చెప్పడం" వరకు సరే. ఇక్కడ చేయిస్తున్నారు. చెట్టుకి కూడా కడుతున్నారు.

పెడనఅద్దకం
అసలు ఫోము పలక మీద పెన్సిలుతో గీకేదాన్ని అచ్చు అనకండి. అచ్చంటే టేకు చెక్క. రోజుల తరబడి చెక్కాలి, అక్షరమైతే అద్దంలోలాగా తిప్పి చెక్కాలి. టిబెట్‌వాళ్ళదీ చెక్క పనే. తూర్పు టిబెట్‌లోని దెర్గేలో 1729లో పెట్టిన ముద్రణాలయం ఇప్పటికీ ఉంది. రెండు లక్షలకు పైగా చెక్క దిమ్మలున్నాయి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూచుంటారు, ఒకరు సిరా పూస్తే ఒకరు కాగితం పరిచి ఒత్తుతారు. జెండాలదీ అదే విద్య. నడిమధ్యలో గాలిగుర్రం, దాని వీపు మీద మండే మణులు, నాలుగు మూలలా గరుడుడు, డ్రాగను, పులి, మంచుసింహం. మిగిలిన జాగా అంతా మంత్రాలే. ఆ మంత్రం గాలితో పోయి తగిలిన ప్రతి ప్రాణికీ మేలు చేస్తుందని వాళ్ళ నమ్మకం. ఇందులోంచి మంత్రం తీసేసి బల్లిని పెడితే మిగిలేది రంగుగుడ్డ.

లద్దాఖ్‌రైడర్
అవును, కానీ రంగులే అసలు సంగతి. నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నీరు, పసుపు భూమి. మన పంచభూతాలే. వరుస తప్పితే అర్థమే తప్పింది.

కొత్తిమీరకట్ట
బల్లి ఏ రంగు గుడ్డ మీదుంది? 😀

చిట్టివాళ్ళమ్మ
ఆకుపచ్చ. టీచరు ఇంద్రధనుస్సు వరుసలో కడతారట. రైడర్ గారు ఇక నిద్రపోరు.

లద్దాఖ్‌రైడర్
ఇంద్రధనుస్సా!! ఆవిడకెవరూ చెప్పలేదా?

పలాసజీడి
మాది పలాస. చంద్రగిరి అంటే తిరుపతి పక్కనున్నది గుర్తొస్తుంది అందరికీ, మాకు మాత్రం ఒడిశా గజపతి జిల్లాలోది. 1960లలో వచ్చిన టిబెటన్ల ఊళ్ళున్నాయక్కడ. జిరంగ్‌లో పెద్ద మఠం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మేం పిల్లలప్పుడే వెళ్ళేవాళ్ళం. కొండ మీద ఆ జెండాలు ఎండకి వెలిసి, చిరిగి, పీచులై ఉంటాయి. విప్పెయ్యరేంటి అనుకునేవాణ్ణి. అలా పీచులవడమే మంచిదట, మంత్రమంతా గాలిలో కలిసిందని లెక్క. కింద పడెయ్యకూడదు, తొక్కకూడదు. లోసార్‌కి, అంటే వాళ్ళ కొత్త సంవత్సరానికి, కొత్తవి కడతారు. పాతవి తీస్తే కాలుస్తారు.

ఫెయిర్ అయ్యాక ఆ బడివాళ్ళు ఏం చేస్తారు? చెత్తడబ్బాలోకేనా?

మూడోబెంచి
మంత్రం లేదు కదా, చెత్తడబ్బాలో వేస్తే తప్పేంటి? మతం తీసేశామంటున్నారు, మళ్ళీ మడి ఎందుకు?

పలాసజీడి
మంత్రం లేకపోతే మరి ప్రార్థన జెండా అని ఎందుకంటున్నారు? రెండిట్లో ఒకటి తేల్చుకోమనండి.

వానగొడుగు
అదే నేనూ అంటున్నది. మతం అంటే బడిలోకి రాకూడదు. కాదంటే ఆ పేరు వాడకూడదు.

ఈ మాట నా కడుపుమంట లోంచి వస్తోందని ఒప్పుకుంటా. పోయిన దీపావళికి మా అమ్మాయి బడిలో గుమ్మం ముందు ముగ్గు వేస్తానన్నాను. దేవుడి బొమ్మ లేదు, ఓంకారం లేదు. పద్మం, దీపాలు, అంతే. ఆఫీసువాళ్ళు "మతపరమైనది" అని వద్దన్నారు. డిసెంబరు రాగానే అదే గుమ్మంలో చెట్టు పెట్టి వెండి నక్షత్రాలు వేలాడదీశారు. అడిగితే అది "శీతాకాలపు అలంకరణ" అట. చుక్కలు పెట్టి గీతలు కలిపితే మతం, చెట్టుకి నక్షత్రం తగిలిస్తే వాతావరణం!

మూడోబెంచి
మీ బడి పక్షపాతానికి చిట్టివాళ్ళ టీచరు ఏం చేసింది?

వానగొడుగు
ఏమీ చెయ్యలేదు. ఉదాహరణ చెప్పాను.

కొత్తిమీరకట్ట
కాళహస్తి కలంకారీవాళ్ళు దేవుళ్ళ బొమ్మలే కదా వేస్తారు. చీరల మీద వేస్తే కట్టుకుంటున్నాం, దుప్పట్ల మీద వేస్తే పరుచుకుంటున్నాం. ఇక్కడ జెండా దగ్గరే పట్టింపు వచ్చిందా? పెడన గారూ, మీరూ అదే పని కదా.

పెడనఅద్దకం
కాదమ్మా. కాళహస్తిది కలంతో గీసేది. మాది అచ్చుతో అద్దేది. బట్టని కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టి, నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళు వాడి, ఎరుపు రావడానికి పటిక అద్ది కాగులో ఉడకబెడతాం. ఎక్కడా ఒకటి కాదు. ప్రతిచోటా ఈ మాటే చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

మతం సంగతంటారా, బందరు అద్దకంవాళ్ళు ఒకప్పుడు పర్షియాకి నమాజు బట్టలు పంపినవాళ్ళు. మసీదు గోడలో ఉండే మిహ్రాబు తోరణం, దాని కింద సరుగుడులాంటి సైప్రస్ చెట్టు, చుట్టూ పూలతీగ. అద్దినవాడి దేవుడెవరని కొన్నవాడు అడగలేదు. కొన్నవాడి దేవుడెవరని వీళ్ళూ అడగలేదు. కానీ ఆ బట్ట మీద మోకాళ్ళూనేవాడు ఒకడు ఉన్నాడని తెలుసు. వాడికి పనికొచ్చేలా అద్దారు. అదీ తేడా.

మూడోబెంచి
అంటే డబ్బుకి అద్దితే పవిత్రం, పాఠానికి అద్దితే అపచారమా?

పెడనఅద్దకం
మీరు బెంచీ మీద కూచుని వాదించండి, కాగు దగ్గర నిలబడ్డవాడికి మాత్రం చెప్పకండి. మా బావమరిది అచ్చుల షెడ్డు మూసేశాడు. ఎందుకంటే మా డిజైన్లే స్క్రీన్ ప్రింటు కొట్టి "కలంకారీ" అని రాసి సగం ధరకి అమ్ముతున్నారు. బొమ్మ ఉంది, పేరుంది, మనిషి లేడు. ఇప్పుడు టిబెటన్లదీ అదే జరుగుతోంది. చిట్టివాళ్ళమ్మ గారూ, టీచరు కాగితంలో ఎక్కడైనా దలైలామా 1959లో దేశం వదిలిన సంగతి ఉందా? చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఈ జెండాలు కట్టడమే నేరమైందని, ఇండియా, నేపాల్ చేరినవాళ్ళు నిలబెట్టుకున్నారని ఉందా?

చిట్టివాళ్ళమ్మ
లేదండీ. "హిమాలయాల్లో ప్రజలు" అని మాత్రం ఉంది. టిబెట్ పేరు శీర్షికలో ఒక్కసారి వచ్చింది.

వానగొడుగు
నాలుగో క్లాసు పిల్లలకి శరణార్థుల చరిత్ర చెప్పమంటారా? పెడన గారూ, మీ బాధ నిజమే, కానీ మీరడిగేది కుదరదు. మంత్రంతో సహా చేయిస్తే మర్నాడే ఎవరో ఒకరు కేసు వేస్తారు. కాలిఫోర్నియాలో ఎన్‌సినిటస్ బళ్ళలో యోగా మీద ఏమైందో చూడండి. 2015లో అప్పీలు కోర్టు యోగా నేర్పొచ్చంది. ఎందుకు? సంస్కృతం పేర్లు తీసేశారు కాబట్టి, పద్మాసనానికి పిల్లల ఆటపేరు పెట్టారు కాబట్టి. అలబామాలో 1993 నుంచి బళ్ళలో యోగా నిషేధం. 2021లో ఎత్తేశారు కానీ నమస్తే అనకూడదని చట్టంలోనే రాసుకున్నారు. తీసెయ్యడానికి ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారు.

పెడనఅద్దకం
అలా పోయేకంటే బయటే ఉండడం నయం.

వానగొడుగు
మీకు నయం. మీ పిల్లలు ఇక్కడ చదవట్లేదు.

పెడనఅద్దకం
మీరు నిన్నటి నుంచి "మతం బడిలో వద్దు" అంటున్నారు. ఇవాళ మీ ముగ్గుని రానివ్వలేదని ఏడుస్తున్నారు. ఏది మీ మాట? మీ ముగ్గుకి చోటివ్వలేదు కాబట్టి టిబెటన్ల జెండా కూడా దింపాలి, అంతేగా?

వానగొడుగు
నోరు జారకండి. ఏడవడం ఏంటి?

సరే, అడిగారు కాబట్టి చెప్తా. నాకు జెండా మీద కోపం లేదు. అదెలా లోపలికొచ్చిందో చూసి కోపం. బౌద్ధమంటే వాళ్ళకి అందంగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. గోడకి తగిలించుకునే వస్తువు. మనది కనిపిస్తే మాత్రం మతమని పేరుపెట్టి గుమ్మం బయటే ఆపుతారు. నా ముగ్గుని సంస్కృతి అంటే సంస్కృతి, అలంకారమంటే అలంకారం, ఏ పేరైనా పెట్టుకోమనండి. పద్మం తీసెయ్యమంటే తీసి గుమ్మడిపువ్వు వేస్తా. నా కూతురు ఆ గుమ్మంలో నిలబడి "ఇది మా అమ్మ వేసింది" అనాలి. మీకు పవిత్రంగా దాచుకునేది కావాలి, నాకు నలుగురిలో చూపించుకునేది కావాలి. మనిద్దరి గొడవ అసలు జెండాల గురించి కాదు.

పెడనఅద్దకం
పద్మం కూడా తీసేస్తే ఇంక మీ అమ్మాయి చూపించేది ఏంటి?

వానగొడుగు
వాళ్ళమ్మని.

పలాసజీడి
ఇంత మాట్లాడాం, ఒక్క టిబెటన్‌ని కూడా అడగలేదు. 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర, అంటే టిబెటన్ బౌద్ధుల పెద్ద దీక్షోత్సవం, జరిగినప్పుడు నేనూ వెళ్ళాను. అక్కడే, మన పాత ధాన్యకటకంలోనే, బుద్ధుడు కాలచక్రం బోధించాడని వాళ్ళ నమ్మకం. కృష్ణ ఒడ్డున ఎటుచూసినా జెండాలే. అక్కడి భిక్షువుల్లో ఒకాయన మా పిల్లాడి చేతికి తాడు ఒక కొస ఇచ్చి పట్టుకోమన్నాడు, ఎక్కి కట్టడానికి. మీ మతమేంటని అడగలేదు. నేలకి మాత్రం తగలనివ్వొద్దన్నాడు.

మూడోబెంచి
ఒకాయన ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టా? సరదాగా అడగట్లేదు.

పలాసజీడి
కాదు. అందుకే అడగమంటున్నా. మీ ఊళ్ళో ఎవరో ఒకరు ఉండకపోరు.

చిట్టివాళ్ళమ్మ
అందరికీ ధన్యవాదాలు. టీచరుకి మెయిలు పెట్టాను. ఒకటి, ఇవి టిబెటన్లవని, వాళ్ళలో చాలామంది దేశం వదిలి ఇండియా, నేపాల్‌లో ఉన్నారని ఒక్క వాక్యం పిల్లలకి చెప్పమన్నాను. రెండు, ఫెయిర్ అయ్యాక చెత్తలో వెయ్యకుండా ఎవరి జెండా వాళ్ళకి ఇమ్మన్నాను. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి ప్రిన్సిపల్‌ని అడగాలట. సంతకం పెట్టి పంపేశాను. పేరు మార్చమని మాత్రం అడగలేదు, పెడన గారు తిట్టినా సరే.

లద్దాఖ్‌రైడర్
వరుస గురించి రాశారా?

చిట్టివాళ్ళమ్మ
రాయలేదు.

పెడనఅద్దకం
నేను పెట్టేవాణ్ణి కాదు. మీ పిల్ల, మీ ఇష్టం. ఫోము పలక నాలుగైదు అద్దకాలకే నలిగిపోతుంది, వెనకాల మందపాటి అట్ట అంటించమనండి. రంగు పల్చగా పూయాలి, లేకపోతే గీత పూడుకుపోయి బల్లి కాస్తా మొసలవుతుంది.

వానగొడుగు
చిట్టివాళ్ళమ్మ గారూ, ఫెయిర్ రోజు ఫోటోలు తీసి నాకు పంపండి, టీచరు కాగితం కాపీ కూడా. వచ్చే దీపావళికి ముగ్గు కోసం ఈసారి రాతపూర్వకంగా అడుగుతున్నాను, రెండూ జతచేస్తాను. పద్మంతోనే.