వారానికి 40 టీషర్టులు: సొంత డీటీఎఫ్ ప్రింటరా, ఫిల్మ్ బయట కొట్టించుకోవడమా?

నూలుపోగు
డీటీఎఫ్ పద్ధతిలో (బొమ్మను ముందు ఫిల్మ్ మీద కొట్టి, జిగురు పౌడర్ చల్లి కరిగించి, తర్వాత వేడితో బట్టకు ఒత్తడం) వారానికి 40 దాకా టీషర్టులు. అన్నీ ముదురు రంగు కాటన్, 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాములు). ఒక్కో ఆర్డరులో 5 నుంచి 10 పీసులే, ఏ డిజైన్‌కి ఆ డిజైన్ వేరు. బొమ్మ సైజు సుమారు 28 × 30 సెం.మీ. 40 × 60 సెం.మీ. హీట్ ప్రెస్ (వేడి పలకతో ఒత్తే యంత్రం) ఉంది. పౌడర్ కరిగించిన ఫిల్మ్ బయటి నుంచి వస్తుంది, ఇక్కడ ఒత్తడం ఒక్కటే పని. ఐదారు ఉతుకులకే కొన్ని బొమ్మల అంచులు లేస్తున్నాయి. ఫిల్మ్ ఇచ్చేవాళ్లేమో తప్పంతా ప్రెస్‌దే అంటున్నారు. ఒక హెడ్ (ఇంకు చిమ్మే భాగం) ఉన్న ఎ3 ప్రింటరు కొంటే ఈ తలనొప్పి పోతుందా, లేక ఇంకోటి కొని తెచ్చుకున్నట్టవుతుందా?

తెల్లసిరా
ఇంకోటి కొని తెచ్చుకున్నట్టే. లెక్క వేద్దాం. ఎ3 ప్రింటరుకు పట్టే 33 సెం.మీ. రోల్ మీద 28 సెం.మీ. బొమ్మ పక్కన రెండోది పట్టదు. మధ్యలో సెంటీమీటరు ఖాళీ వదిలి ఒక్కోదానికి 31 సెం.మీ. అనుకుంటే 40 బొమ్మలకు 12.4 మీటర్లు. ఒక హెడ్ మెషిన్‌కి ఇది రెండు రోజుల పని. మిగతా రోజులు వైట్ ఇంక్ (ముదురు బట్ట మీద రంగుల కింద వేసే తెల్లపొర) ఏం చేస్తుంది? అడుగుకు దిగుతుంది. అందులో ఉన్నది టైటానియం డయాక్సైడ్, నీటికి దాదాపు 4 రెట్లు బరువు. ఏ బ్రాండ్ ఇంకయినా ఇంతే. అలా దిగింది డ్యాంపర్‌లో (హెడ్‌కు ముందుండే చిన్న ఇంకు డబ్బాలో), హెడ్‌లో పేరుకుంటే మొదట వైట్‌లో సన్నని గీతలు, తర్వాత నాజిళ్లే (ఇంకు చిమ్మే రంధ్రాలే) మూసుకుపోవడం.

అదే 60 సెం.మీ. వెడల్పు షీట్ బయట కొట్టిస్తే మీటరుకు 2 × 3, అంటే 6 బొమ్మలు. ఖాళీలతో కలిపి 57 × 92 సెం.మీ. మిగిలిన 8 సెం.మీ. పట్టీలో 6 సెం.మీ. మెడ లేబుళ్లు ఎనిమిది పడతాయి. 7 మీటర్లతో మీ వారం గడిచిపోతుంది.

ఓవెన్‌మూత
12.4 మీటర్లూ రెండు రోజుల్లోనే కొట్టాలని ఎవరన్నారండీ? రోజుకు 2 మీటర్ల చొప్పున ఆరు రోజులు కొట్టండి, ఇంకు కదులుతూనే ఉంటుంది. పొద్దున 10 నిమిషాలు: వైట్ ట్యాంకు కలపడం, నాజిల్ చెక్, వైపర్ (హెడ్‌ను తుడిచే పట్టీ) తుడవడం. సాయంత్రం 10 నిమిషాలు: క్యాప్ (హెడ్‌ను మూసి ఉంచే మూత) చుట్టూ ఎండిన ఇంకు తీసి, క్యాప్‌లో క్లీనింగ్ ద్రవం నాలుగు చుక్కలు వేసి హెడ్ పార్క్ చేయడం. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచడం. ఈ మాత్రం చేయలేనివాళ్లు చెప్పే కథే "వైట్ ఇంక్ భూతం".

అసలు సంగతి వేరే. అంచు లేచినప్పుడు కారణం పట్టుకోవాలంటే క్యూరింగ్ (ఓవెన్‌లో పౌడర్ కరిగించి ఇంకు ఆరబెట్టడం) మన చేతిలో ఉండాలి. బయటి నుంచి వచ్చిన ఫిల్మ్ ఏ ఓవెన్‌లో ఎంతసేపు ఉందో ఎవరికి తెలుసు?

తెల్లసిరా
ఆర్డర్లు రోజుకు 2 మీటర్ల చొప్పున కొలిచి పోసినట్టు వస్తాయా? ఒక వారం 60, మరో వారం 8. ఆ 8 వచ్చిన వారం ఇంకు కదలాలంటే ఉత్తుత్తి ప్రింట్లు వేయాల్సిందే. ఆ ఇంకూ ఫిల్మూ ఎవరి ఖాతాలో రాస్తారు?

ఇంకో మాట. "సర్క్యులేషన్ ఉంది" అని అమ్మే చిన్న మెషిన్లు చాలావాటిలో ఇంకు తిరిగేది ట్యాంకులో, గొట్టాల్లో. డ్యాంపర్ దాటి హెడ్ లోపల ఉన్నది కదలదు. కొనేముందు రిటర్న్ గొట్టం (ఇంకును తిరిగి ట్యాంకుకు చేర్చేది) ఎక్కడినుంచి మొదలవుతుందో వేలు పెట్టి చూపించమనండి. ఎప్సన్ ఎల్1800 లాంటి ఆరు రంగుల ఫొటో ప్రింటరును మార్చి అమ్మే రకమైతే లేత సయాన్, లేత మెజెంటా దారుల్లో వైట్ నింపుతారు. ఆ యంత్రం బరువైన ఇంకు కోసం పుట్టిందే కాదు. వారం మూసేసి ఊరెళ్లాలన్నా వైట్ దారి ఖాళీ చేసి క్లీనింగ్ ద్రవంతో నింపి వెళ్లాలి.

వేడిపలక
ఇద్దరూ కాసేపు ఆగండి. తప్పు ఎవరిదో తేలకుండానే మెషిన్ కొనాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. నూలుపోగు గారూ, లేచిన అంచును గోటితో ఇంకొంచెం లాగి వెనకవైపు చూడండి.

పొర మొత్తం ఒక్కటిగా లేచి, వెనక జిగురు నున్నగా మెరుస్తూ, దానికి నూలు పీచు అంటుకోకుండా ఉంటే జిగురు బట్టలోకి దిగలేదన్నమాట. తప్పు ఒత్తడంలో ఉంది, లేదా బట్టలో. రంగు పైకి లేచి, తెల్లపొరో జిగురో బట్ట మీదే ఉండిపోతే పొర నడుమ చీలిందన్నట్టు. అప్పుడు అనుమానం ఇంకు ఆరడం మీద, అంటే ఫిల్మ్ చేసినవాళ్ల మీద. అంచు బాగానే ఉండి, లాగితే మధ్యలో పగుళ్లు వస్తుంటే అది వేరే రోగం. ఇంకు మందం ఎక్కువై ఉండాలి, లేదా సరిగా ఆరకపోయి ఉండాలి.

ఇక ప్రెస్ సంగతి. తెర మీద 155 అని చూపించినంత మాత్రాన పలక 155లో ఉన్నట్టు కాదు. పలకను 9 గళ్లుగా ఊహించుకుని ఒక్కో గడిలో ఉష్ణోగ్రత కొలవండి. మెరిసే పలక మీద లేజర్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది. వేడికి రంగు మారే పట్టీలు గానీ తీగ ప్రోబ్ గానీ నయం. మూలలు 10 డిగ్రీలు తగ్గితే బొమ్మ అంచులే ముందు లేస్తాయి, మీకు జరుగుతున్నట్టే.

నూలుపోగు
లాగి చూశా. వెనక నున్నగానే ఉంది, కానీ అన్నింటికీ కాదు. మూడింటిలో ఒకదానికి తెల్లపొర బట్ట మీదే ఉండిపోయింది. ఒత్తేది 155లో 12 సెకన్లు, చల్లారాక ఫిల్మ్ తీస్తాను, తర్వాత టెఫ్లాన్ షీట్ వేసి మళ్లీ 5 సెకన్లు.

వేడిపలక
అయితే రెండు తప్పులూ ఉన్నాయి. ముందు మీ వైపుది. ఫిల్మ్ పెట్టకముందు ఖాళీ బట్టను 3 నుంచి 5 సెకన్లు ఒత్తుతున్నారా? కాటన్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. ఆ తేమ ఆవిరై జిగురుకూ బట్టకూ మధ్యలో నిలుస్తుంది. ఇక కాలరు, భుజం కుట్టు, పక్క కుట్టు పలక కిందికి వస్తే ఒత్తిడంతా కుట్టే మోస్తుంది, బొమ్మ మీద ఏమీ పడదు. లోపల దిండు పెట్టండి, లేదా కుట్లు పలక బయటికి వేలాడేలా చొక్కాను తొడగండి.

రెండో ఒత్తుడు 5 సెకన్లు చాలదు, 10 చేయండి. జిగురు పీచులోకి ఇంకాస్త దిగేది అప్పుడే.

మైక్రాన్
రెండో ఒత్తుడు గురించి చిన్న అభ్యంతరం. ఫిల్మ్ తీశాక మళ్లీ ఒత్తితే జిగురు ఇంకాస్త దిగుతుందన్నది నిజమే. కానీ మొదటిసారే అంటుకోని బొమ్మను అది బాగుచేయదు. చాలామంది మొదటి ఒత్తుడు తగ్గించి రెండోదాని మీద భారం వేస్తారు. మొదటిదే 15 సెకన్లు ఇవ్వండి. అయినా మన అందరి అంకెల కంటే ఫిల్మ్‌తో వచ్చిన కాగితం ముఖ్యం. వేడిగా తీసే ఫిల్మ్‌ను చల్లార్చి తీసినా, చల్లగా తీసే ఫిల్మ్‌ను వేడిలో లాగినా అంచులే దెబ్బతింటాయి. ఈ రెండు ఫిల్ముల మీది పూత వేరు.

ఇప్పుడు తెల్లపొర చీలిన మూడోదాని సంగతి. డీటీఎఫ్ ఇంకు నీటి ఆధారం, అందులో గ్లిజరిన్, గ్లైకాల్ లాంటివి కలుస్తాయి. ఓవెన్‌లో జరగాల్సిన పనులు రెండు: పౌడర్ కరగడం, ఈ ద్రవాలు బయటికి పోవడం. పౌడర్ తొందరగా కరుగుతుంది, చూడటానికి అయిపోయినట్టే ఉంటుంది. ద్రవాలు పోవడానికి ఇంకా సమయం కావాలి. 120 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 నిమిషాలు మామూలు లెక్క, వైట్ దట్టంగా ఉంటే ఇంకాస్త. తొందరపడి తీస్తే ఆ ద్రవం లోపలే ఉండి, నాలుగు రోజులకు ఫిల్మ్ మీద నూనె చెమటలా పైకి తేలుతుంది. మీ దగ్గరున్న పాత షీట్ల మీద టిష్యూ కాగితం అద్ది చూడండి.

ఓవెన్‌మూత
నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే కదా!

మైక్రాన్
కొంతవరకే, ఓవెన్‌మూత గారూ. సొంత ఓవెన్ ఉంటే క్యూరింగ్ సరిగ్గా అయిపోతుందని ఏముంది? ఎక్కువసేపు ఉంచితే పౌడర్ పసుపుబారుతుంది, జిగురు గుణం చచ్చిపోతుంది. సరిగ్గా కరిగిన పౌడర్ కమలాపండు తొక్కలా సన్నని గుంటలతో, తడి మెరుపుతో కనిపించాలి. పంచదార పలుకుల్లా గరుకుగా ఉంటే తక్కువైనట్టు. అద్దంలా చదునైపోయి రంగు మారితే మించినట్టు.

పౌడర్ పలుకు పరిమాణం కూడా చూడాలి. చిన్న అక్షరాలకు 80 మైక్రాన్లలోపు సన్నది, మామూలు టీషర్టుకు 80 నుంచి 170 మధ్యది. ముతక పౌడర్ డెనిమ్ లాంటి మందం బట్టకు. చిన్న అక్షరాల మీద ముతకది వేస్తే అంచు దాటి జిగురు అంచులా కనిపిస్తుంది. గాలి మరీ పొడిగా ఉంటే స్థిరవిద్యుత్తు వల్ల బొమ్మ లేని చోట కూడా పౌడర్ అంటుతుంది, తేమ ఎక్కువైతే ఉండలు కడుతుంది. ప్రింటరు కొంటే ఇవన్నీ మీ నెత్తినే.

జాలిస్క్రీన్
స్క్రీన్ ప్రింటింగ్ వైపు నుంచి ఒక మాట. 5 పీసులకు స్క్రీన్ కాల్చమని (వెలుతురుతో జాలి మీద డిజైన్ దించమని) చెప్పను, అది నష్టమే. కానీ 28 × 30 మొత్తం నిండుగా ఇంకు నింపితే అది చొక్కాకు అంటించిన ప్లాస్టిక్ పలక. గాలి ఆడదు, వంగిన ప్రతిచోటా అంచు మీద లాగుడు పడుతుంది. నల్ల చొక్కా అయితే బొమ్మలోని నలుపు మొత్తం తీసేసి, చొక్కా నలుపునే వాడుకోండి. నీడలను పొగలా మసకగా వదలకండి. సగం పారదర్శకంగా ఉన్న పిక్సెళ్ల కింద వైట్ సరిగా పడదు, పౌడర్ నిలవదు, ఆ అంచులే మొదట రాలిపోతాయి. హాఫ్‌టోన్ చుక్కలుగా (దూరం నుంచి నీడలా కనిపించే చిన్న నిండు చుక్కలుగా) మార్చండి. వైట్ పొరను రంగు కంటే 2 పిక్సెళ్లు లోపలికి కుదిస్తే తెల్ల అంచు కనబడదు. మరీ కుదిస్తే అంచు రంగుకు కింద ఆధారం ఉండదు.

తెల్లసిరా
ఈ పని ప్రింటరు లేకుండానే చేసుకోవచ్చు, గమనించారా? ఫైలు సరిచేస్తే సగం అంచులు అక్కడే నిలబడతాయి.

ఓవెన్‌మూత
ఫైలు మీరు సరిచేసి పంపినా అవతల వైట్ కుదింపు ఎంత పెడతారో వాళ్ల రిప్ సాఫ్ట్‌వేర్‌కే (ఫైలును ప్రింటరుకు తగ్గట్టు మార్చేది) తెలియాలి. సరే, కొనొద్దనే అనుకుందాం. వచ్చిన ఫిల్మ్ పచ్చిదని (ఓవెన్‌లో సరిగా ఆరలేదని) ఎలా నిరూపిస్తారు?

వేడిపలక
దానికి పరీక్ష ఉంది. ఒకే షీట్ నుంచి ఒకే బొమ్మ నాలుగు ముక్కలు కోయండి. రెండు అలాగే ఉంచండి. మిగతా రెండింటిని పౌడర్ వైపు పైకి పెట్టి, 150 డిగ్రీల పలకను తాకకుండా 2 సెం.మీ. ఎత్తులో నిలిపి 90 సెకన్లు కాయండి. పొగలా ఆవిరి లేస్తే అదే మొదటి సాక్ష్యం. కిటికీ తెరిచి చేయండి, పీల్చకండి. తర్వాత నాలుగింటినీ ఒకే చొక్కా గుడ్డ మీద ఒకే వేడి, ఒకే సమయంతో ఒత్తండి. 24 గంటలు ఆగి, లోపలి వైపు బయటికి తిప్పి 40 డిగ్రీల నీళ్లలో 5 సార్లు ఉతకండి. కాచినవి నిలిచి మామూలువి లేస్తే ఫిల్మ్ పచ్చిదే. నాలుగూ లేస్తే మీ ప్రెస్‌నో బట్టనో అనుమానించాలి. సిలికాన్ సాఫ్టెనర్ పట్టించిన బట్ట మీద ఎంత మంచి జిగురైనా జారుతుంది.

నూలుపోగు
వచ్చే నెల నుంచి పాలిస్టర్ జెర్సీలు కూడా రావచ్చు, మెరూన్ రంగువి. వాటికీ ఇదే ఫిల్మ్ పనికొస్తుందా?

మైక్రాన్
ఇదే పద్ధతిలో వేయకండి. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగు వేడికి ఆవిరిలా కదిలి వైట్‌లోకి ఎక్కుతుంది. ఎరుపు, మెరూన్ ఇందులో మొదటి దొంగలు. ఒత్తినప్పుడు తెల్లగానే ఉండి, రెండు మూడు రోజులకు గులాబీ రంగు తేలుతుంది. తక్కువ వేడికి కరిగే పౌడర్‌తో 130 నుంచి 140 మధ్య ఒత్తాలి, లేదా రంగును అడ్డుకునే నల్ల పౌడర్ వేసిన ఫిల్మ్ అడిగి తెప్పించాలి. ఒక్కటి ఒత్తి వారం ఉంచి చూశాకే ఆర్డరు ఒప్పుకోండి.

తెల్లసిరా
చూశారా, ఈ ఒక్క జెర్సీ కోసం సొంత మెషిన్ ఉన్నవాళ్లు ఇంకో రకం పౌడర్ సంచి తెరవాలి. తెరిచిన సంచి తేమ పీల్చకుండా గాలి చొరని డబ్బాలో దాచాలి. బయట కొట్టించేవాళ్లు ఆర్డరులో ఒక్క మాట మార్చి రాస్తే సరిపోతుంది.

ఓవెన్‌మూత
రాస్తే సరిపోతుంది, వాళ్లు నిజంగా ఆ పౌడరే వేస్తే! వారానికి 40 మీద నేను పట్టుబట్టను. రోజుకు 5, 6 మీటర్లు ఆగకుండా పని ఉన్నప్పుడు మళ్లీ అడగండి, అప్పుడు ఐ3200 రకం ఎప్సన్ హెడ్‌లు రెండున్న 60 సెం.మీ. మెషిన్, షేకర్ (పౌడర్ చల్లి కరిగించే యంత్రం) కలిపి చూద్దురుగాని. ఎ3 మాత్రం ఎవరికీ చెప్పను.

నూలుపోగు
సరే, ప్రింటరు మాట ప్రస్తుతానికి పక్కన పెడుతున్నా. ముందు పలక 9 గళ్లు కొలవడం, ఖాళీ ఒత్తుడు, మొదటిది 15 సెకన్లు, రెండోది 10. రేపు వచ్చే షీట్‌లో నాలుగు ముక్కల పరీక్ష. లేచినవి ఫొటో తీసి ఫిల్మ్ ఇచ్చేవాళ్లకు పంపుతా.

వేడిపలక
ఒక్కసారే ఇన్ని మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ముందు పరీక్ష ఇప్పటి 155, 12 సెకన్లతోనే చేయండి. ఐదో ముక్క కూడా కోసి, ఒత్తకుండా తారీఖు రాసి జిప్ కవరులో దాచండి. వాళ్లు ఒప్పుకోకపోతే, నూనె తేలిన ఆ ముక్కే చూపించవచ్చు.