బాబుకి ఎగ్జిమా, రేపు ఉబ్బసం వస్తుందా?

మధురవాడ అమ్మ:
అయిదో నెలలో మావాడి బుగ్గలు కంది రసి కారేవి. ఇప్పుడు మూడేళ్లు. బుగ్గలు నున్నబడ్డాయి గానీ మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక గోకి గోకి చర్మం మొద్దుబారింది. మన వైజాగ్ ఉక్కపోతలో రాత్రంతా జాగారమే. మావారికి చిన్నప్పుడు ఆయాసం ఉండేదట, అదే టెన్షన్. అత్తయ్యేమో గుడ్డు, వంకాయ మాన్పించేశారు.

గాజువాక పిన్ని:
చోటు మారడం మామూలేనమ్మా. పసివాళ్లకి ముఖం మీద, కాస్త పెద్దయ్యాక మడతల్లో. మా పెద్దదానికి బడికెళ్లే వయసుకి తగ్గిపోయింది, చిన్నాడికి మాత్రం తుమ్ములు, పిల్లికూతలు తోడయ్యాయి. ఒకే ఇంట్లో!

పిల్లల వార్డు నర్సు:
అందరికీ ఉబ్బసం రాదండీ. పసితనంలోనే తీవ్రంగా మొదలైతే, ఇంట్లో ఎవరికైనా ఉంటే అవకాశం ఎక్కువ. కొందరికి చర్మం పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం వల్ల చర్మం తేమ పట్టి ఉంచలేదు. ఈ సంగతి 2006లో బయటపడింది. గోరువెచ్చని స్నానం, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. మందుల షాపువాడు చేతిలో పెట్టే స్టెరాయిడ్ మిక్స్ క్రీములు మాత్రం వద్దు. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు లేకపోతే గుడ్డు ఎందుకు మానాలి? డాక్టర్‌ని అడగండి.

మధురవాడ అమ్మ:
ఆ ముక్క అత్తయ్యకి మీరే చెప్పాలి!