అత్యవసర నిల్వలను ఇంటి బయట దాచిపెట్టడం: ఎక్కడ, ఎంత లోతున, ఎవరికి చెప్పి?

ప్రశ్న అడిగినవారు: తడిసిన అటక

మా కుటుంబంలో ఐదుగురం ఉన్నాము: నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, రోజూ మందులు వాడవలసిన మా అత్తగారు. ఒకసారి ఇంట్లోకి వరద నీరు వచ్చినప్పుడు, ఆపద కోసమని జాగ్రత్తగా కూడబెట్టిన సామానంతా కింది గదిలోనే ఉండడం వల్ల అన్నింటికంటే ముందు అదే పాడయింది. అందుచేత ఇంట్లో కొంత ఉంచుకొని, మిగిలినది మా సొంత స్థలంలో పాతిపెట్టాలని అనుకుంటున్నాము. మూత బిగించే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఇప్పటికే కొన్నాము.

దానిని ఎంత లోతున పాతాలి, అందులో ఏమేమి పెట్టవచ్చు, గుర్తు ఎలా పెట్టుకోవాలి అన్నవి నా సందేహాలు. వీటికి తోడు ఇంట్లో తెగని వాదన ఒకటి ఉంది. ఆ చోటు తనకు తప్ప ఎవరికీ, నాకు కూడా, కచ్చితంగా తెలియనక్కరలేదని మా వారి అభిప్రాయం. ఎక్కువమందికి తెలిస్తే అది రహస్యమే కాదని ఆయన అంటారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: ఒండ్రుమట్టి

డ్రమ్ము గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది అక్కడే. మీది వరద వచ్చే ప్రాంతమని మీరే అన్నారు. నేలలో నీటిమట్టం పైకి వచ్చినప్పుడు 200 లీటర్ల డ్రమ్ము దాదాపు 200 కిలోల నీటిని పక్కకు నెడుతుంది, అంటే అంత బలంతో నీరు దానిని పైకి తోస్తుంది. డ్రమ్ము బరువు, లోపలి సామాను బరువు కలిపి 80 కిలోలు అనుకుంటే ఇంకా 120 కిలోల తోపుడు మిగులుతుంది. దానిని పై మట్టి అణచిపెట్టాలి. అయితే నీటిలో మునిగిన మట్టి కూడా తేలికవుతుంది కనుక, డ్రమ్ము నెత్తిన అరమీటరు మట్టి ఉన్నా లెక్క సరిగ్గా అంచు మీదే నిలుస్తుంది, పైగా కొత్తగా పూడ్చిన మట్టి గట్టిపడి ఉండదు. తవ్వి దాచిన డ్రమ్ము వానాకాలం చివర ఊరందరికీ కనబడేలా పైకి తేలిరావడం హాస్యానికి చెప్పే మాట కాదు.

కాబట్టి ఆ డ్రమ్మును వేరే పనికి వాడుకొని, వెడల్పు నోరు ఉన్న 20 లేదా 30 లీటర్ల డబ్బాలు రెండు మూడు తీసుకోండి. నీరు నిలవని ఎత్తైన చోటు చూసుకోండి. చిన్న డబ్బా అయితే ఒక్క మనిషి పైకి తీయగలడు, ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. పాతే ముందు లోపల పొడి కాగితం ఒకటి పెట్టి, మూత బిగించి, బరువు కట్టి, ఒక రోజంతా నీళ్ల తొట్టిలో ముంచి ఉంచండి. కాగితం కొంచెం చెమ్మగిల్లినా ఆ డబ్బా పనికిరాదు. మూతలోని రబ్బరు వలయానికి సిలికోన్ గ్రీజు రాయాలి, పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

తవ్వేటప్పుడు పై పొరను, లోపలి మట్టిని వేర్వేరు పట్టాల మీద పోసుకొని అదే వరసలో తిరిగి నింపండి. డబ్బా ఎంత చోటు తీసుకుంటుందో అంత మట్టి మిగులుతుంది. దానిని అక్కడే కుప్పగా వదిలేస్తే దాచిన ప్రయోజనమే ఉండదు.

జవాబు: ఎండుగింజ

లోపల ఏమి పెట్టాలన్నదానికి నా సమాధానం: నీళ్లు మాత్రం పెట్టవద్దు. తాగడానికి, కనీస శుభ్రతకు మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు కావాలి, అంటే మీ ఐదుగురికి రెండు వారాలకు 280 లీటర్లు, అంతే కిలోల బరువు. అంత నీటిని పాతిపెట్టడం కంటే, 3 రోజులకు సరిపడా 60 లీటర్లు ఇంట్లోనే పై అంతస్తులో ఉంచుకొని, దాచే డబ్బాలో నీటిని శుద్ధి చేసే సాధనాలు పెట్టడం మేలు. ఒక లోహపు గిన్నె, నిప్పు రాజేసే సాధనం, విడివిడిగా సీలు చేసిన క్లోరిన్ మాత్రలు చాలు. నీరు తెర్లడం మొదలైన తరువాత 1 నిమిషం, 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులలో 3 నిమిషాలు మరిగిస్తే రోగకారక క్రిములు చనిపోతాయి. ద్రవరూపంలోని బ్లీచు నెలలు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది కనుక దాచడానికి తగదు. రసాయనాలతో, ఇంధనంతో కలుషితమైన వరద నీటిని మరిగించినా, మాత్రలు వేసినా తాగకూడదన్నది మరవవద్దు.

గింజలు బాగా ఎండినవై ఉండాలి. ఆక్సిజన్ పీల్చే పొట్లాలు పురుగును అరికడతాయి, కానీ తేమ ఉన్న పదార్థంతో కలిపి సీలు చేస్తే ప్రాణవాయువు లేనిచోట పెరిగి ఆహారాన్ని ప్రాణాంతకమైన విషంగా మార్చే బొటులిజం క్రిమికి మనమే ఇల్లు కట్టినట్టవుతుంది. ఉప్పు, చక్కెరలకు ఆ పొట్లాలు అవసరం లేదు, పెడితే రాయిలా గడ్డకడతాయి. టార్చిలైటులో బ్యాటరీలు వేసి ఉంచకండి. ఆల్కలైన్ బ్యాటరీలు కారి దీపాన్నే తినేస్తాయి, కాబట్టి విడిగా చుట్టి పెట్టాలి. పెట్రోలు కొన్ని నెలలలోనే చెడిపోతుంది, దాని ఆవిరి గాలి కంటే బరువైనది, గుంటలో చేరి నిలుస్తుంది. దానిని పాతడం గురించి ఆలోచించనే వద్దు.

మీ అత్తగారి మందులు కూడా నేల కిందికి వెళ్లకూడదు. వాటిని చేతి సంచిలో, వైద్యుడు రాసిన చీటీ నకలుతో సహా, మీతోనే ఉంచుకోండి. ఇన్సులిన్ లాంటివి వాడుతుంటే తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక, చల్లగా తీసుకువెళ్లే సంచి ముందే సిద్ధంగా ఉండాలి.

జవాబు: రెండో తాళంచెవి

మీ వారి వాదన విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. దాచడం సులువు, ఆపద వేళ మతి చెదిరిన మనిషి చీకట్లో, వానలో దానిని తిరిగి కనుక్కోవడమే కష్టం. అక్కడికి చేరవలసినవాడు గాయపడితేనో, వరద అవతల చిక్కుకుపోతేనో, ఆ డబ్బా ఎవరి కోసం ఉన్నట్టు? రహస్యం పరాయివారి నుంచి ఉండాలి గాని, దాని మీద ఆధారపడిన ఇంటివారి నుంచి కాదు. పెద్దలు ఇద్దరికీ చోటు తెలియాలి. పిల్లలకు చోటు చెప్పనక్కరలేదు, ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

గుర్తు విషయంలో ఫోను చూపే స్థానాన్ని మాత్రమే నమ్ముకోకండి. ఆరుబయట కూడా అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుతుంది, చెట్ల కింద ఇంకా తప్పుతుంది, కొన్ని మీటర్ల తేడా అంటే తవ్వేవాడికి ఒక పూట పని. కదలని మూడు గుర్తులు, ఉదాహరణకు బావి గట్టు మూల, రాతి స్తంభం, పునాది అంచు తీసుకొని, ఒక్కొక్కదాని నుంచి దూరాన్ని టేపుతో కొలిచి రాసుకోండి. రెండు కొలతలే ఉంటే నేల మీద రెండు చోట్లు వస్తాయి, మూడవది వాటిలో ఏది సరైనదో తేలుస్తుంది. చెట్టును గుర్తుగా పెట్టుకోకండి, గాలివానకు ముందు పడేది అదే. తవ్వే పనిముట్టు డబ్బాలోనే పెట్టి పాతినవారిని చూశాను కనుక ఇది కూడా చెబుతున్నాను: పార బయట ఉండాలి.

అంతా అయ్యాక, పాతినప్పుడు పక్కన లేని పెద్దవారి చేతికి మీరు రాసిన చీటీ ఇచ్చి, మీరేమీ మాట్లాడకుండా తీసుకురమ్మనండి. వారు తేలేకపోతే తప్పు చీటీది.

జవాబు: గట్టుమీద

ఒక్క మాట. పాతడమొక్కటే దాచడం కాదు. ఎత్తైన చోట ఉండే బంధువుల అటక మీద, పాత బట్టలు అని రాసిన పెట్టె ఏ గుంటకన్నా పొడిగా ఉంటుంది. పాతి తీరాలనుకుంటే సొంత నేలలోనే, కింద కరెంటు తీగలు, గొట్టాలు లేవని నిర్ధారించుకొని తవ్వండి. అడవిలోనో, బహిరంగ స్థలంలోనో సీలు వేసిన డబ్బా ఎవరికైనా దొరికితే దానిని పేలుడు పదార్థమని అనుమానిస్తారు, ఆ తరువాత జవాబు చెప్పుకోవలసింది మీరే.

ప్రశ్న అడిగినవారు: తడిసిన అటక

అందరికీ కృతజ్ఞతలు. డ్రమ్మును వాన నీటికి కేటాయించాము. రెండు చిన్న డబ్బాలు కొని ఒకటి మా ఆడపడుచు గారి అటక మీద పెట్టాలని, మరొకటి ఇంటి వెనుక మెరక మీద పాతాలని నిర్ణయించాము. చీటీ పరీక్షకు మా వారు మొదట ఒప్పుకోలేదు. నిన్న రాత్రి దీపాలన్నీ ఆర్పి, మా ఇంట్లోనే ఆయన స్వయంగా దాచిన టార్చిలైటును తెమ్మన్నాను. పావుగంట వెతికి, చివరకు నన్నే అడిగారు. ఈ ఉదయం టేపు పట్టుకొని ఇద్దరమూ కలిసి కొలవడానికి వెళ్లాము.