పేరు వెనక కులం రాసుకునే మిత్రుణ్ణి ఆ మాటతోనే పిలవవచ్చునా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
నేనూ నా మిత్రుడూ ఒకే గదిలో అద్దెకుంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాము. అతడు తన పేరు వెనక 'మాదిగ' అని గర్వంగా రాసుకుంటాడు. అతని కులం వాళ్లు కలిసినప్పుడు 'అరే మాదిగోడా' అని నవ్వుతూ పిలుచుకుంటారు. మొన్న చాయ్ హోటల్లో పదిమంది నడుమ నేనూ అదే చనువుతో అలాగే పిలిస్తే, అతడు చాయ్ సగంలో వదిలి లేచిపోయాడు. రెండేళ్లుగా ఒకే కుక్కర్‌లో వండుకు తింటున్న నాకు ఆ మాట ఎందుకు దక్కదు? నేను అగ్రకులం వాణ్ణి కూడా కాను, చాకలి కులస్థుణ్ణి.

జవాబు (పరకాల నుంచి):
మా నాయన దొర దగ్గర జీతం ఉన్న రోజుల్లో ఆయనకు ఒక పేరుందన్న సంగతి ఊళ్లో ఎవరికీ పట్టలేదు. గడీ నుంచి 'మాదిగోడా' అన్న కేక వినపడితే చేతిలో పని వదిలి పరుగెత్తేవాడు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగల హక్కుల కోసం దండోరా ఉద్యమం మొదలైన తరువాత, దాన్ని నడిపిన మన హన్మకొండ ప్రాంతపు మంద కృష్ణతో సహా ఎందరో ఆ మాటను తమ పేర్ల చివర చేర్చుకున్నారు. ఆ కేకకు ఇక తలవంచబోమని చెప్పడమే దాని అర్థం. మాలో మేము అనుకున్నప్పుడు ఆ మాట వెనక గడీ ఉండదు, మీ నోట విన్నప్పుడు మాత్రం, మీ మనసులో ఏమీ లేకపోయినా, నాకు మా నాయన పరుగే గుర్తుకొస్తుంది.

జవాబు (జనగామ నుంచి):
మీ ఇంటి సంగతే చూడండి. పాలకుర్తి గడ్డమీద భూమి కోసం విస్నూరు దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరును అన్ని కులాల వారూ గౌరవంగా పలుకుతారు; 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఆమె పేరే పెట్టింది. అయినా నలుగురిలో ఎవడైనా మిమ్మల్ని 'ఏరా చాకలోడా' అంటే ఐలమ్మ గుర్తుకొచ్చి పొంగిపోతారా?

జవాబు (కరీంనగర్ నుంచి):
నాకు ఇందులో ఒక అభ్యంతరం ఉంది. బయటివాళ్లు ఆ మాటను పలకనే కూడదంటే వార్త రాసేవాడు, పరిశోధన చేసేవాడు ఏం చేయాలి? అందరి నోళ్లలో గౌరవంగా నలగకుండా దానికి అంటిన మైల ఎలా వదులుతుంది?

జవాబు (హన్మకొండ నుంచి, న్యాయవాది):
పలకడం వేరు, దూషించడం వేరు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 2015 సవరణ తరువాత, ఎస్సీ, ఎస్టీలకు చెందని వ్యక్తి వారిని నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషించడాన్ని నేరమని స్పష్టంగా చెబుతున్నది. అంటే లోపలివారికీ బయటివారికీ మధ్య గీత చట్టంలోనే ఉన్నది. వార్తలో, పరిశోధనలో కులం పేరు రాయడం దూషణ కాదు. మీ మిత్రుడు కేసు దాకా వెళతాడని నేననను గాని, చాయ్ హోటల్ నలుగురూ చూసే చోటే.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
రాత్రి గదిలో క్షమించమని అడిగాను. చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చుని, "పిలిస్తే పేరంతా పిలువు, వెనకదానితో సహా" అన్నాడు.