మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు: ప్యానెల్ పోయిందంటున్నారు, నమ్మొచ్చా?

కావలి_కుర్రోడు:
32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ. మాట వస్తోంది, రిమోట్‌తో చానళ్లూ మారుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. సర్వీస్ సెంటర్ అతను వెనక మూత కూడా విప్పకుండా "ప్యానెల్ పోయింది, ఆ డబ్బుకి కొత్తదే వస్తుంది" అనేశాడు. బయట చూపిద్దామంటే ట్రంకు రోడ్డులో పాత టీవీ షాపులు ఒకటీ అరా తప్ప అన్నీ సెల్ కవర్ల అంగళ్లే. నిజంగా ప్యానెలేనా? అసలు ఈ షాపులన్నీ ఎందుకు మూతపడుతున్నాయి?

సోల్డర్_బాబాయ్ (ఒంగోలు):
మూత విప్పకుండా ప్యానెల్ (బొమ్మ చూపించే గాజు తెర) పోయిందంటే నమ్మబాక. రాత్రి గదిలో లైట్లు ఆపి, టీవీ ఆన్ చేసి, టార్చి తెరకు దగ్గరగా ఏటవాలుగా కొట్టి చూడు. మసకగా బొమ్మ కదులుతుంటే ప్యానెల్ బాగున్నట్టే, వెనక వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు (బ్యాక్‌లైట్) పోయుంటాయి. ఈ సైజులో మామూలుగా రెండో మూడో పట్టీలుంటాయి. ఎల్‌ఈడీలన్నీ సిరీస్‌లో ఉంటే ఒక్కటి ఓపెనైనా (లోపల తెగినా) పెళ్లింటి సీరియల్ సెట్టులాగా మొత్తం ఆరిపోతుంది.

మెకానిక్ చేత బ్యాక్‌లైట్ కనెక్టర్ దగ్గర డీసీ వోల్టేజి కొలిపించు. ఆన్ చేయగానే పైకి లేచి ఒకటి రెండు సెకన్లలో పడిపోతే పట్టీ ఓపెన్. అసలు లేవకపోతే డ్రైవర్ (పట్టీలకి కరెంటిచ్చే సర్క్యూట్) పోయిందో, మెయిన్ బోర్డు నుంచి బ్యాక్‌లైట్ ఆన్ సిగ్నల్ రావట్లేదో చూడాలి. నువ్వు మాత్రం చెయ్యి పెట్టబాక. పవర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ మీద 300 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్గు పీకినా కాసేపు పోదు.

సీరీస్_బల్బు (నెల్లూరు):
టెస్టు సరే, పట్టీలు మార్చేటప్పుడే అసలు కొంప మునిగేది. ప్యానెల్ అంచున రిబ్బన్ల లాంటి గోధుమరంగు పల్చటి కేబుళ్లుంటాయి. ఒక్కడే ఎత్తితే గాజు వంగి అవి చిట్లుతాయి, తెర మీద నిలువు గీతలొస్తాయి. అప్పుడు నిజంగానే ప్యానెల్ పోయినట్టు! ఇద్దరు పట్టుకుని ఎత్తాల్సిందే. లోపలి తెల్ల షీట్లు ఏ వరుసలో తీశారో ఆ వరుసలోనే పెట్టాలి.

పోయిన ఒక్క ఎల్‌ఈడీనే మార్పిస్తే కొన్నాళ్లకే పక్కది పోతుంది, అవన్నీ ఒకే వేడిలో కాగినవే కదా. పట్టీల సెట్టు మొత్తం మార్పించు. ఒక్కో ఎల్‌ఈడీ 3 వోల్టులుండే పట్టీకి బదులు 6 వోల్టులది వేస్తే డ్రైవర్ ప్రొటెక్షన్‌లోకి పోయి (తనంతట తానే ఆగిపోయి) మళ్లీ చీకటే. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అందుకే పాత పట్టీ మీద అచ్చేసిన నంబరు సరిచూడాలి.

ఇంకోటి, పట్టీలకెళ్లే కరెంటు తగ్గించమను. డ్రైవర్ దగ్గర సమాన విలువున్న సెన్స్ రెసిస్టర్లు (ఎంత కరెంటు పోవాలో తేల్చేవి) మూడు ప్యారలల్‌గా ఉంటే ఒకటి తీసేస్తే కరెంటు మూడో వంతు తగ్గుతుంది. వెలుగు కాస్త తగ్గినా పట్టీలు ఎక్కువకాలం ఉంటాయి. మెనూలో బ్యాక్‌లైట్ 100లో పెట్టి వదిలేసే ఇళ్లలోనే ఇవి తొందరగా పోతాయి.

సోల్డర్_బాబాయ్:
షాపుల సంగతికొస్తే, పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్, ఫ్లైబ్యాక్, నాలుగు కెపాసిటర్లు, ఎక్కువ ఫాల్టులు వీటిలోనే. సర్క్యూట్ డయాగ్రాలు పుస్తకాలుగా దొరికేవి. ఇప్పుడు మెయిన్ బోర్డు మారిస్తే ప్యానెల్‌కి సరిపడే సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాలి, డయాగ్రం చేతికి రాదు. 2022 డిసెంబరులో కేంద్రం, కంపెనీలు రిపేరు వివరాలు పెట్టే రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కానీ వాడకం మాన్యువల్ వేరు, రిపేరుకి మాకు కావాల్సిన బోర్డు డయాగ్రం వేరు.

పైగా ఫాల్టు పట్టుకోడానికి రెండు గంటలు పడితే "చూసినందుక్కూడా డబ్బులా?" అంటారు. పట్టీ దొరక్కపోతే నమూనా పట్టుకుని ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీటుకి పోవాలి. ఆ రోజంతా అంగడి మూతే, ఆ కూలి ఏ బిల్లులోనూ రాయలేం. కుర్రాళ్లు సెల్ పనికి పోయారంటే ఎందుకు పోరు?

సీరీస్_బల్బు:
కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ల సెట్లకి ఇంకో తంటా, ఉప్పుగాలికి బోర్డు మీది రాగి గీతలు పచ్చబడి తెగుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక, తెగినచోట తీగ వేయాలి. బోర్డు మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

కావలి_కుర్రోడు:
టార్చి వేశానన్నా, బొమ్మ మసకగా కనిపిస్తోంది! పట్టీలు ముందే ఆన్‌లైన్‌లో తెప్పించేదా?

సీరీస్_బల్బు:
వద్దు. ఒకే మోడల్‌లోనే రెండు మూడు రకాల పట్టీలు వస్తాయి. ముందు విప్పించి, నంబరు, ఎల్‌ఈడీల లెక్క, కనెక్టర్ ఏ వైపుందో ఫోటో తీసి ఇక్కడ పెట్టు.