డ్రూపల్ 10: టీజర్ మార్చినా వ్యూస్ పేజీలో కార్డులు మారడం లేదు

గోదారిగట్టు:
మాది డ్రూపల్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైటు. ఆర్టికల్ మేనేజ్ డిస్‌ప్లేలో (ఏ ఫీల్డ్ ఎక్కడ, ఎలా కనిపించాలో పెట్టే పేజీ) టీజర్ (జాబితాల్లో వచ్చే పొట్టి రూపం) ట్యాబ్ తెరిచి రచయిత ఫీల్డ్‌ని పైకి జరిపాను, ట్యాగ్స్‌ని డిసేబుల్డ్ కిందికి లాగాను. హోమ్ పేజీలో మారింది. వ్యూస్‌తో (కంటెంట్ జాబితాలు తయారుచేసే సాధనం) కట్టిన కథనాల పేజీలో మాత్రం పాతదే, కాష్ (సైటు దాచుకున్న పాత కాపీలు) క్లియర్ చేసినా అంతే. ఇంకోటి: బాడీ ట్రిమ్ పరిమితి (కథనం పాఠాన్ని ఎక్కడ తెంచాలో చెప్పే అంకె) 600. ఒక కార్డులో ఎనిమిది లైన్లు, పక్కదాంట్లో మూడే. ఫొటోలూ ఒక్కోటి ఒక్కో ఎత్తు. అన్నీ సమంగా రావాలంటే ఏం చేయాలి?

తాటిముంజె:
కాష్ కాదండీ. ఆ వ్యూ ఎడిట్‌లో ఫార్మాట్ కింద 'షో' ఎదురుగా ఏముందో చూడండి. 'ఫీల్డ్స్' అని ఉంటే వ్యూ తన ఫీల్డులు తానే పేర్చుకుంటుంది, మేనేజ్ డిస్‌ప్లే మొహం చూడదు. 'కంటెంట్' అని మార్చి వ్యూ మోడ్ (టీజర్ లాంటి ప్రదర్శన రూపం) ఎంచుకోండి. హోమ్ పేజీ వ్యూ మొదటినుంచీ కంటెంట్, టీజర్ మీదే ఉంటుంది కాబట్టి అక్కడ మారింది.

అయితే కార్డుల కోసం టీజర్‌నే సాగదీయకండి, ట్యాగ్ పేజీలూ దాన్నే వాడతాయి. స్ట్రక్చర్ > డిస్‌ప్లే మోడ్స్ > వ్యూ మోడ్స్‌లో 'కార్డ్' అని కొత్తది చేర్చండి. ఆ ఫారంలోనే ఆర్టికల్‌కి టిక్ పెట్టే వీలుంటే పెట్టేయండి. లేదంటే మేనేజ్ డిస్‌ప్లే, డిఫాల్ట్ ట్యాబ్ అడుగున 'కస్టమ్ డిస్‌ప్లే సెట్టింగ్స్'లో పెట్టాలి. టిక్ లేకపోతే డ్రూపల్ ఏ హెచ్చరికా ఇవ్వదు, డిఫాల్ట్‌నే చూపిస్తుంది.

పనసతొన:
600 గురించి. ఫార్మాటర్ (ఫీల్డ్‌ని ఎలా చూపాలో చెప్పే సెట్టింగ్) 'సమ్మరీ ఆర్ ట్రిమ్డ్' అయితే, సమ్మరీ రాసిన కథనానికి ఆ పరిమితి వర్తించదు, రాసిందంతా వస్తుంది. సమ్మరీ లేనిచోట 600 లోపల చివరిగా ముగిసిన పేరా దగ్గర తెగుతుంది. మొదటి పేరా పొట్టిగా, రెండోది బారుగా ఉంటే మొదటిదొక్కటే మిగులుతుంది. మీ మూడు లైన్లు అవే అయ్యుంటాయి. పైగా లెక్క యూనికోడ్ గుర్తుల్లో ('స్త్రీ' ఒక్కటే 6), హెచ్‌టీఎంఎల్ ట్యాగులూ అందులోనే. స్మార్ట్ ట్రిమ్ మాడ్యూల్ (విడిగా చేర్చుకునే అదనపు భాగం) వేసి పదాల లెక్కన 25 పెట్టండి, ట్యాగులు తీసేసే టిక్ కూడా.

ఫొటోలకి: మీడియం ఇమేజ్ స్టైల్ (ఫొటో కొలత మార్చే సెట్టింగ్) 220×220 లోపలికి కుదిస్తుందంతే, కత్తిరించదు. కాన్ఫిగరేషన్ > మీడియా > ఇమేజ్ స్టైల్స్‌లో 480×270 'స్కేల్ అండ్ క్రాప్' చేయండి. మామూలుగా మధ్యలోంచి కోస్తుంది, నిలువు ఫొటోల్లో తలలు ఎగిరిపోతాయి. ఫోకల్ పాయింట్ మాడ్యూల్ దీనికి మందు. కానీ స్టైల్‌లో పాత ఎఫెక్ట్ తీసి 'ఫోకల్ పాయింట్ స్కేల్ అండ్ క్రాప్' పెట్టకపోతే గురి పెట్టిన చోటును అది పట్టించుకోదు.

తాటిముంజె:
25 పదాలన్నా ఎత్తు సమం కాదు, మన పదాల పొడవు అలాంటిది. ట్రిమ్ ఉంచుతూనే సీఎస్‌ఎస్‌లో లైన్ క్లాంప్ 3 (మూడు వరుసల దగ్గర తెంచేది) పెట్టండి. లైన్ హైట్ 1.2 ఉంటే చివరి వరుస వత్తులు తెగిపోతాయి, 1.7 దాకా పెంచండి. కింద ప్యాడింగ్ ఇచ్చి సరిపెట్టకండి, ఆ ఖాళీలో నాలుగో వరుస తలకట్లు తొంగిచూస్తాయి.

గోదారిగట్టు:
'షో' ఫీల్డ్స్‌లోనే ఉంది, మార్చాక వచ్చింది. రచయిత పేరు ఫొటో మీద రావాలంటే టెంప్లేట్ (హెచ్‌టీఎంఎల్ అచ్చు ఫైల్) తప్పదా?

పనసతొన:
సీఎస్‌ఎస్‌తో కుదరకపోతేనే. థీమ్‌లోని నోడ్ టెంప్లేట్‌ని 'నోడ్--ఆర్టికల్--కార్డ్' పేరుతో కాపీ చేయండి, మధ్యలో రెండేసి హైఫన్లు. ఫీల్డులు టెంప్లేట్‌లోని 'కంటెంట్' వేరియబుల్ నుంచే ముద్రించండి. 'నోడ్' నుంచి నేరుగా విలువ లాగితే మేనేజ్ డిస్‌ప్లేలో పెట్టిన ఇమేజ్ స్టైల్, ఫార్మాటర్ ఏవీ దానికి అంటవు. మిగతాదంతా 'వితౌట్' ఫిల్టర్‌తో (విడిగా ముద్రించినవాటిని వదిలేసేది) ఒకేసారి ముద్రించేయండి. కొత్త ఫైల్ పెట్టాక మాత్రం కాష్ క్లియర్ చేయాల్సిందే.